తెలుగు చెప్పే సారు

పోయిన వారం మా సెక్షన్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఒక తీర్పుకి నకలు టైపు చేస్తూ మధ్యలో ఆగి నా వైపు తిరిగింది.

"అక్కా, ఇక్కడ 'పాస్ ఎ సెంటెన్స్' అని ఉండాది. సెంటెన్స్ అంటే వాక్యం గదా. వాక్యం పాసయ్యేదేంది? అదేమన్నా పరీక్ష రాసిందా?"

గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే, "ఇంగ్లీషులో ఏ మాట ఏ మాటని తోడు తెచ్చుకుంటుందో దాని ఇష్టం. మనం ఎందుకని అడగకూడదు, గుర్తు పెట్టుకోవాలి. ఇక్కడ సెంటెన్స్ అంటే శిక్ష. దాన్ని పాస్ చేసేది మేజిస్ట్రేటు, సర్వ్ చేసేది ముద్దాయి" అన్నాను. ఆ మాటలు నావి కావు. 'ముద్దాయి' అనే చోట గొంతు కాస్త తగ్గించడం కూడా నాది కాదు.

"ఎవరు నేర్పించినారక్కా మీకు?" అంది ఆ పిల్ల.

"ఉండేవారొకాయన. ఇప్పుడు లేరు" అన్నాను.

ఆయన పేరు రాయను. ఆ కోర్టు ఉన్న ఊరి పేరు కూడా రాయను. కావలి నుంచి బస్సులో వెళ్లగలిగినంత దూరం, తూర్పుగాలి వీచిన రోజు కిటికీల దగ్గరికి ఉప్పువాసన వచ్చేంత దూరంలో సముద్రం. అంతవరకు చాలు. నా మొదటి ఉద్యోగం అక్కడే. మాది సంగం దగ్గర వరి పండించుకునే ఇల్లు. నా పంతొమ్మిదో ఏట భర్త పోతే మా అన్న నన్ను పుట్టింటికి తీసుకొచ్చి, నెల్లూరులో టైపు నేర్పించి, పరీక్ష రాయించాడు. అట్లా ఆ కోర్టులో నకళ్ల గుమాస్తాగా చేరాను. ఆ కచేరీలో నేనొక్కదాన్నే ఆడదాన్ని.

ఆయన అక్కడ బెంచి గుమాస్తా. వయసు నలభై లోపే. కాగితం మీద ఆయన ఉద్యోగం కేసు కట్టలు అందించడం, వాయిదాలు రాయడం. కానీ మేజిస్ట్రేటు ఇంగ్లీషులో చదివిన తీర్పుని బోనులో ఉన్న మనిషికి తెలుగులో చెప్పేది కూడా ఆయనే. అందుకని కోర్టుకొచ్చే జనం ఆయన్ని గుమాస్తా అనేవారు కాదు. 'తెలుగు చెప్పే సారు' అనేవారు.

ఇంగ్లీషు వాక్యం విన్నాక ఆయన ఒకసారి కళ్లు మూసి తెరిచేవారు. ఆ కాస్తసేపూ హాలంతా ఆయన కోసం ఆగేది. బయట తలుపు పట్టుకుని నిలబడ్డ తల్లులూ పెళ్లాలూ మేజిస్ట్రేటు వైపు చూసేవారు కాదు, ఈయన నోటి వైపు చూసేవారు.

సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ఎంత ఎండలో అయినా గొడుగు విప్పేవారు కాదు, చంకలో పెట్టుకుని నడిచేవారు. ఎందుకండీ అంటే, "విప్పితే పక్కన వచ్చేవాళ్ల మొఖం కనపడదు" అనేవారు. క్రైస్తవులు. పెళ్లి కాలేదు. చర్చి వెనక పెంకుటింట్లో ఒక గది తీసుకుని ఉండేవారు. ఆదివారం ఆరాధనలో వాక్యం చదివేది ఆయనేనని, ఒక్క ఆదివారం కూడా తప్పడని మా బంట్రోతు చెప్పేవాడు.

నేను చేరిన మొదటి నెలలో ఒక నకల్లో 'గివెన్ ఎ సెంటెన్స్' అని సొంతంగా దిద్దాను. అదే బాగుందనిపించింది నాకు. ఆయన కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చి, "టైపిస్టు గారూ, అసలు కాగితంలో ఏముంటే అదే మీరు కొట్టాల. మాటకి తోడు కుదిర్చేది వాళ్ల పని. ఆ తోడుని తెలుగులోకి తెచ్చేది నా పని. ఆ తంటా నాకొదిలేయండి" అన్నారు. నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. మరునాడు ఆయనే మళ్లీ వచ్చి, తన నల్ల అట్ట నోటుబుక్కు నా బల్ల మీద పెట్టి, "తీరికైతే చూడండి" అని వెళ్లారు.

అందులో ప్రతి పేజీకి ఎడమవైపు శిక్షల గురించి ఇంగ్లీషులో జంటగా వచ్చే మాటలు, కుడివైపు తెలుగు. కుడివైపు చాలా చోట్ల రాసి కొట్టేసి మళ్లీ రాసినవే. 'సర్వ్ ఎ సెంటెన్స్' పక్కన 'శిక్ష అనుభవించు' అని ఉంది. కింద చిన్న అక్షరాలతో, 'సుఖాన్నీ అనుభవిస్తాం, శిక్షనీ అనుభవిస్తాం. వేరే మాట దొరికితే బాగుండు' అని రాసుకున్నారు. 'సింపుల్ ఇంప్రిజన్‌మెంట్' పక్కన తెలుగే లేదు. 'జైలు ఎవరికి సులభం?' అని మాత్రం ఉంది. ఇంకొక చోట, 'ఇంగ్లీషులో శిక్ష వేసేవాడు కనపడతాడు. మనకి శిక్ష పడుతుంది, వడగళ్లు పడినట్టు' అని ఉంది. నేను ఆ నోటుబుక్కు రెండు రోజులు ఉంచుకున్నాను. మొదటిరోజే చదవడం అయిపోయినా ఉంచుకున్నాను.

మధ్యాహ్నం క్యారియరు తీసుకుని ఆయన గుమాస్తాల గదిలో కూర్చునేవారు కాదు. వాయిదాలకి వచ్చినవాళ్లు కూర్చునే తాటాకుల చావడిలోకి పోయి వాళ్ల మధ్యలో కూర్చుని తినేవారు. తింటూ అడిగేవారు, "అబ్బయ్యా, గొడవకి పోనని కోర్టులో రాసిచ్చి, ఏడాది ఒద్దికగా పడుండాలంటే, దాన్ని మీ ఊళ్లో ఏమంటారు?" అది 'బౌండ్ ఓవర్' కోసం. ఒక ముసలి రైతు కాసేపు ఆలోచించి, "కాళ్లకి బందమేసి మేతకొదిలినారంటాం" అన్నాడు. ఆరోజు సాయంత్రం దాకా ఆయన ఎవరు కనపడితే వాళ్లకి ఆ మాట చెప్పారు. ప్లీడర్లు 'టేక్ ఎ లీనియెంట్ వ్యూ' అన్నప్పుడల్లా నా వైపు తిరిగి, "చూసినారా, వాళ్లు దయ తీసుకుంటారు. మనం దయ చూస్తాం. మనదే బాగుంది" అని మెల్లిగా అనేవారు. నేను ఆ మాట కోసం ఎదురు చూసేదాన్ని. ఆయన తిరగకముందే నా పెదవుల మీదికి నవ్వు వచ్చేసేది.

ఇక అంకమ్మ సంగతి.

జువ్వలదిన్నె అవతల సముద్రం ఒడ్డున ఉన్న ఒక పాళెంలో అంకమ్మ మొగుడు వల వేసే చోటు గురించి వచ్చిన తగాదాలో ఒకడి ఇంట్లోకి దూరి తెడ్డుతో కొట్టాడు. ఇంట్లోకి దూరినందుకు రెండేళ్లు, కొట్టినందుకు రెండేళ్లు శిక్ష పడింది. ఇది జరిగిన మూడు వారాలకి, ఒక శనివారం పొద్దున అంకమ్మ నకలు కోసం వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయేమో. వరండాలో నా కిటికీ పక్కన చతికిలబడి అడిగింది.

"అమ్మా, నా బిడ్డకిప్పుడు తొమ్మిదేళ్లు. నాలుగేళ్లకి ఎన్నొస్తాయి?"

"పదమూడు."

"వాళ్ల నాయన మొఖం గురుతుంటాదా అప్పటికి?"

ఎందుకట్లా అడుగుతున్నావన్నాను. పిల్లని మద్రాసులో ఒక ఇంట్లో పనికి పెడుతోందట. సోమవారం పొద్దున బండికి తీసుకుపోవడానికి మనిషి వస్తున్నాడట. "నాలుగేళ్లు నేనొక్కదాన్నే ఎట్టా సాకేదమ్మా? రెండేళ్లయితే ఎండు చేపల గంప మోసైనా సాకుదును. నాలుగేళ్లు నా వల్ల గాదు" అంది. నకలు ఇంకా తయారు కాలేదని, మంగళవారం రమ్మని చెప్పాను. బస్సుకి వేళైందని లేచి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం ఆ తీర్పే నా మిషను మీదికొచ్చింది. చివరి వాక్యం కొడుతూ ఆగిపోయాను. 'ది సెంటెన్సెస్ షల్ రన్ కంకరెంట్లీ.' రెండు శిక్షలూ ఒకేసారి జరగాలి. అంటే మొత్తం రెండేళ్లే.

కాగితం మిషనులోంచి లాగి ఆయన దగ్గరికి పరుగెత్తాను. విని, ఆయన కుర్చీలో వెనక్కి వాలారు.

"నేనే గదా చెప్పింది. 'ఏకకాలమున అమలు జరుగును' అన్నాను. తలుపు దగ్గరున్న ఆమెని అర్థమైందా అని కూడా అడిగినాను. తలూపింది." మళ్లీ అన్నారు, "తలూపింది."

మరునాడు ఆదివారం. ఆయన చర్చికి పోలేదు. మొదటి బస్సుకి బయల్దేరారు. అంకమ్మ మాట విన్నది నేను కాబట్టి నేనూ వస్తానన్నాను. నేను అద్దెకుంటున్న ఇంటి పెద్దమ్మ గుమ్మం దగ్గర నిలబడి మొఖం మాడ్చుకుంది. బంట్రోతుది ఆ పక్క ఊరే, దారి చూపిస్తానని వాడూ వచ్చాడు కాబట్టి సరిపోయింది.

బస్సు దిగి సరుగుడు తోపుల్లోంచి నడిచాం. ఇసకలో కాళ్లు దిగబడుతుంటే ఆయన చెప్పులు చేత్తో పట్టుకున్నారు. దారంతా ఏదో గొణుక్కుంటున్నారు. ఏమిటండీ అంటే, "మాట కోసం చూస్తుండాను. ఆమెతో చెప్పేదానికి నా దగ్గర మాట లేదు" అన్నారు.

గుడిసె ముందు నీడలో అంకమ్మ వల దారం పేనుతూ కూర్చుని ఉంది. పక్కన రేకు పెట్టె, దాని మీద కొత్త రిబ్బను కట్టుకున్న పిల్ల. ఆయన్ని చూడగానే అంకమ్మ మొఖం పాలిపోయింది.

"ఇంకా ఏమన్నా ఏసినారా సారూ?"

"లేదమ్మా, లేదు." ఆయన వెళ్లి ఇసకలో ఆమె ఎదురుగా కూర్చున్నారు. "ఆ పొద్దు కోర్టులో నేను నీకేం చెప్పినానో అది నువ్వు చెప్పు."

"రెండేళ్లు, మళ్లా రెండేళ్లు. నాలుగు."

"ఏకకాలమున అని కూడా అన్నాను గదా."

"అన్నారు. ఏదో కాలమన్నారు. మా కాలం బాగలేదని చెప్తుండారనుకున్నా."

బంట్రోతు నవ్వబోయి ఆగాడు. ఆయన తల వంచుకుని ఇసకలో వేలితో ఒక గీత గీశారు, దాని పక్కనే ఇంకొకటి. "అది కాదమ్మా. రెండు శిక్షలూ ఒకే రోజు మొదలవతాయి. ఒకే రోజు అయిపోతాయి. పక్కపక్కన నడుస్తాయి" అన్నారు. అంకమ్మ ఆ గీతల వైపు చూసింది. చేతుల్లో దారం మాత్రం ఆగలేదు. ఉన్నట్టుండి అది కూడా ఆగింది.

"జమిలిగానా సారూ?"

"ఏందీ?"

"ఇదో." దారం ఎత్తి చూపించింది. "బారెడు పోగు ఒకటి, బారెడు పోగు ఒకటి. రెండూ కలిపి పేనితే జమిలి దారం. వచ్చేది బారెడే గదా, రెండు బారలు రాదు గదా."

ఆయన ఆ దారం చేతిలోకి తీసుకున్నారు. "జమిలి" అన్నారు. ఇంకోసారి అన్నారు. "అంతేనమ్మా. అంతే. జమిలి."

"అయితే రెండే?"

"రెండే. అందులో మూడు వారాలు అయిపొయినాయి."

అంకమ్మ ఏడవలేదు. దణ్ణం పెట్టలేదు. లేచి పిల్లని పెట్టె మీద నుంచి దింపింది. మూత తీసి, మడిచిపెట్టిన గుడ్డలు ఒక్కొక్కటే బయటికి తీసి దండెం మీద వేయడం మొదలుపెట్టింది. రెండు గౌన్లు, ఒక పాత దుప్పటి, వాళ్ల నాయన చొక్కా ఒకటి. అన్నీ అయ్యాక ఖాళీ పెట్టె బోర్లించి ఇసక దులిపింది. అప్పుడు పిల్ల అడిగింది, "నేను బండెక్కనా?" అని. "ఎక్కవు" అంది అంకమ్మ.

తిరుగు బస్సులో నేను సంతోషంతో ఏదేదో మాట్లాడుతున్నాను. ఆయన కిటికీ వైపు చూస్తూ, "పదహారేళ్లుగా చెప్తుండాను టైపిస్టు గారూ. ఎంతమంది తలూపి పొయినారో" అన్నారు.

మరునాటి నుంచి ఆయన 'అర్థమైందా' అని అడగడం మానేశారు. తీర్పు తెలుగులో చెప్పాక, "నేనేం చెప్పినానో నువ్వు చెప్పు" అనేవారు. ముద్దాయి తడబడితే మళ్లీ మొదట్నుంచీ చెప్పేవారు. వాళ్ల మాటల్లో వాళ్లు సరిగ్గా చెప్పేదాకా వదిలేవారు కాదు. కోర్టు ఆలస్యమయ్యేది. కొత్తగా వచ్చిన మేజిస్ట్రేటు రెండు వారాలు చూసి, ఒకరోజు బెంచి మీద నుంచే, "ఏమండీ, ఇదేమన్నా బడా?" అన్నారు.

ఆయన లేచి నిలబడి, "కాదండీ. బడిలో అయితే అర్థం కానివాడు మళ్లీ ఏడాది అదే క్లాసు చదువుకోవచ్చు" అన్నారు.

మేజిస్ట్రేటు ఆయన వైపు చాలాసేపు చూసి, కలం బల్ల మీద పెట్టి, వెనక్కి ఆనుకుని కూర్చున్నారు. బోనులో ఉన్న ముసలాయన తన శిక్ష తను అప్పజెప్పేదాకా అట్లాగే కూర్చున్నారు. ఆ తర్వాత ఎప్పుడూ తొందరపెట్టలేదు.

ఏడాది దాటాక ఆయనకి బదిలీ అయింది. మామూలు బదిలీయే, దూరం మాత్రం ఎక్కువ. చివరిరోజు కట్టలన్నీ అప్పజెప్పి, సాయంత్రం నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు. అందరూ వెళ్లిపోయారు. వరండాలో బంట్రోతు కిటికీలు మూస్తున్నాడు.

"టైపిస్టు గారూ, ఒక మాట అడగాల. తప్పయితే తప్పని చెప్పండి. మీరు ఒప్పుకుంటే నేను సంగం పొయ్యి మీ అన్నగారితో మాట్లాడతాను."

ఆ మాటకి అర్థమేమిటో నాకు తెలియక కాదు. నాకు అన్న కనపడ్డాడు. పొలం గట్టు మీద నలుగురూ అడుగుతుంటే తల వంచుకుని నిలబడ్డ అన్న. మతం వేరు, కులం వేరు, నేను భర్త పోయినదాన్ని. "వద్దండీ" అన్నాను.

ఆయన తలూపారు. "మంచిదండీ" అన్నారు. గొడుగు చంకలో పెట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయారు.

ఎవరు తలూపినా నమ్మని మనిషి, దొంగలచేత కూడా రెండుసార్లు చెప్పించుకున్న మనిషి, నన్ను మాత్రం రెండోసారి అడగలేదు. అడిగి ఉంటే ఏమనేదాన్నో నాకు తెలుసు. ఆయన మెట్లు దిగుతున్నప్పుడే తెలుసు. పిలవలేదు.

తర్వాతి ఏడాది అంకమ్మ మొగుణ్ణీ పిల్లనీ వెంటబెట్టుకుని కోర్టుకొచ్చింది. చేతిలో గుడ్డ మూట, అందులో ఎండబెట్టిన వంజరం. "తెలుగు చెప్పే సారు యాడమ్మా?" అంది. బదిలీ మీద వెళ్లారన్నాను. ముగ్గురూ కాసేపు ఆయన కూర్చునే చావడి వైపు చూస్తూ నిలబడ్డారు. మూట నాకే ఇచ్చి వెళ్లారు.

ఏటా క్రిస్మస్‌కి ఆయన దగ్గర నుంచి ఒక కార్డు వచ్చేది. యోగక్షేమాలు ఒక వాక్యం, తర్వాత ఏదో ఒక కొత్త మాట. 'ఇక్కడివాళ్లు శిక్షలో తగ్గించే రోజులని తరుగు అంటారు, ఎంత బాగుందో చూడండి' అని ఒక కార్డు. నేను జవాబు రాసేదాన్ని, రెండు వాక్యాలు. మూడో వాక్యం మొదలుపెట్టి చాలాసార్లు చించేశాను. ఈలోగా నేను నెల్లూరు వచ్చాను. అమ్మని నా దగ్గరికి తెచ్చుకున్నాను. ఒక ఏడాది కార్డు రాలేదు.

ఆ ఎండాకాలం మా పాత బంట్రోతు ఏదో పని మీద నెల్లూరు వచ్చి, నన్ను చూసిపోదామని ఆఫీసుకొచ్చాడు. కుశలాలన్నీ అయ్యాక, "మన తెలుగు చెప్పే సారు పొయినాడమ్మా, తెలుసునా? పోయిన దీపాళి ముందు. గుండెనొప్పి అంట" అన్నాడు. తెలీదన్నాను. టీ తెప్పించాను. తాగి వెళ్లాడు.

తలనొప్పి అని చెప్పి నేను మధ్యాహ్నమే ఇంటికొచ్చాను. అయినవాళ్లు పోయారని తెలిస్తే మా ఇళ్లల్లో తలస్నానం చేస్తాం. అయినవాళ్లకే చేస్తాం. ఆయన నాకు ఏమవుతారు? చాలాసేపు బావి దగ్గర నిలబడ్డాను. తర్వాత బొక్కెన దించి, చేది, చీరతోనే తల మీద కుమ్మరించుకున్నాను. ఒకటి, ఇంకొకటి.

చప్పుడికి అమ్మ పెరట్లోకి వచ్చింది.

"ఈ వేళప్పుడు తలకి పోసుకుంటుండావేందే? ఎవురన్నా పొయినారా?"

"ఆ."

"ఎవురు?"

"మనవాళ్లేనమ్మా."

అమ్మ నా మొఖం చూసింది. ఏ ఊరని అడగలేదు, వరసేమిటని అడగలేదు. కొంగు నడుముకి దోపుకుని వచ్చి నా పక్కన రాతి పలక మీద కూర్చుని, జుట్టు ముడి విప్పింది.

"నాకూ చేది పొయ్యి" అంది.